కడపటి కచేరియా, మొదటి కచేరియా?

ఉపాధ్యాయుల విశ్రాంతిగదిలో పుట్టిన వాదములు సాధారణముగా గంట కొట్టినంతనే చల్లారిపోవును. 2023 ఫిబ్రవరిలో మా మోత్కూరు పాఠశాలలో పుట్టిన యొక వాదము మాత్రము గంటకు లొంగలేదు. ఆ మాసాంతమున హైదరాబాదునందలి గచ్చిబౌలి మైదానమున ఇళయరాజాగారి కచేరి జరుగనున్నదని వార్త వచ్చెను. టిక్కెట్టు కొని పోవుట యుక్తమా, కాదా? ఇదియే ప్రశ్న. భోజనపు డబ్బాలు ఎదుట చల్లారిపోవుచుండగా మేమైదుగురము మూడు దినములు దీనిని మథించితిమి.

లెక్కల ఉపాధ్యాయుడు మొదట లేచెను. “పాటలన్నియు ఫోనులో నున్నవి. వాటికి వెల లేదు. రెండు టిక్కెట్లు, బస్సు, మెట్రో, ఆటో, రాత్రి భోజనము కూడి చూడుడు. మా యింటి నెల బియ్యము, పప్పు, నూనె అందులో వచ్చును. ఊరక దొరకునదానిని ఇంత సొమ్ము పెట్టి కొనుట యే లెక్కలోనిది?” అనెను.

సాంఘికశాస్త్రోపాధ్యాయుడు చరిత్ర నెత్తుకొనెను. “ఆయన వయస్సిప్పుడు 79. ఆయన తెలుగు పాటలలో మనము కోరి వినునవి చాలవరకు బాలుగారు పాడినవి. బాలుగారు 2020 సెప్టెంబరు 25న మనలను విడిచిపోయిరి. వరుడు లేని ఊరేగింపున బాజాలు వినుటకు పోవుదుమా?”

వ్యాయామోపాధ్యాయుడు మైదానముల సంగతి తెలిసినవాడు. “వెనుక వరుసలలో కూర్చున్నవారికి ఆయన యొక తెల్లని చుక్క. తక్కినదంతయు పెద్ద తెర. తెరనే చూడవలసినచో ఇంటిలోని టీవీ చేసిన పాపమేమి?” అనెను.

తెలుగు పండితుడొక్కడే పోవలెనని పట్టుబట్టెను. “స్వామి పటము ఇంటిలోనే యున్నదిగదా యని యాదగిరిగుట్టకు పోవుట మానినవాని నెవనినైన చూచితిరా? ఇది వినుట కాదు, దర్శనము” అని ఆయన మాట. ఆ మాటకు మేము నవ్వితిమి. వాదమున ఓడిపోవుచున్నవాడు దేవుని తెచ్చుట క్రొత్త గాదు.

చివరకు తీర్పు చెప్పు భారము మాపై పడెను. రెండు భాషలు చదివినవారమను గర్వము మాకు లేకపోలేదు. ఏ కళకైనను ఋతువొకటి యుండుననియు, ఋతువు దాటిన పిదప చెట్టును కదిలించుట చెట్టునకు గౌరవము కాదనియు మేము సెలవిచ్చితిమి. దృష్టాంతముగా ఎస్. జానకిగారిని పేర్కొంటిమి. ఆమె 2017 అక్టోబరు 28న మైసూరులో కడపటి కచేరి చేసి వేదికకు స్వస్తి చెప్పిరి. అప్పుడామె వయస్సును 79. “సెలవు పుచ్చుకొనుట తెలిసినవారే గొప్పవారు. కావున పోవలసిన పని లేదు” అని ముగించితిమి. లెక్కల ఉపాధ్యాయుడు సంతోషించెను. పండితుడు డబ్బా మూసికొని లేచిపోయెను.

ఇట్టి వాదము మోత్కూరునకే ప్రత్యేకమని చదువరులు తలపవలదు. లండనులో 1962లో పుట్టిన రోలింగ్ స్టోన్స్ అను వాద్యబృందము నేటికిని చెదరలేదు. ఆ బృందపు గాయకుడు మిక్ జాగర్ ఇళయరాజాగారు పుట్టిన 1943లోనే పుట్టెను. 2024లో ఆ బృందము అమెరికా క్రీడామైదానములలో పాడుచు తిరిగినప్పుడు ఆ యాత్రకు పోషకత్వము వహించినది వయోవృద్ధుల మేలునకై పనిచేయు సంఘమే యగుట విశేషము. అచ్చటి అభిమానులును ఇట్లే రెండు పక్షములై, టిక్కెట్టు వెలను, గాయకుని గొంతును త్రాసున నెదురెదురుగా పెట్టి తూచుచునే యుందురు. ఆ త్రాసు ఎవరి చేతిలో నున్నదను ప్రశ్న మాత్రము ఎవరికిని తోచదు. మాకును తోచలేదు.

ఆ సాయంకాలము ఇంటికి వచ్చి, మా తీర్పును భార్యకు వినిపించితిమి. ఆమె రొట్టె కాల్చుచుండెను. తిరిగి చూడకుండనే వినెను. రొట్టెను తిప్పి వేసి ఇట్లనెను:

“అయిదుగురు మొగోళ్లు కూసొని తేల్చిన్రు. మంచిదే. నీకు పోవాల్నని ఉన్నదా అని ఇంట్ల నన్నెవరన్న అడిగిన్రా?”

“నీకు పాటలనిన ప్రీతి యున్నదని ఎరుగుదుము. ఫోనులో వినుచునే యున్నావుగదా” అంటిమి.

“వింటనే ఉన్న. ముప్పై ఏండ్ల సంది గోడ అవతలి పాటే వింటున్న.”

ఈ మాటకు మాయొద్ద జవాబు లేదు. ఆమె పుట్టినది మూసీ యొడ్డున నొక పల్లె. ఆమె యన్నలు సైకిళ్లమీద భువనగిరికి పోయి సినిమాలు చూచి వచ్చెడివారు. ఆడపిల్ల గనుక ఆమెకు ఇల్లే గతి. పెండ్లిండ్లలో మ్రోగు మైకుసెట్టు, వీధి చివరి హోటలులోని టేపురికార్డరు, ఇవియే ఆమెకు గానసభలు. సాగరసంగమము, గీతాంజలి మొదలైన చిత్రముల పాటలను ఆమె గోడ కావలనుండి విని, లెక్కల నోటుపుస్తకపు వెనుక పుటలలో వ్రాసికొనెడిది. ఆ పుస్తకము ఇప్పటికిని మా యింట నున్నది. పల్లవికి పిదప, చరణమునకు ముందు, మాటలు లేక వాద్యము మాత్రమే మ్రోగుచోట ఆమె వరుసగా చుక్కలు పెట్టుకొన్నది. ఒకచోట ఆరు చుక్కలు, ఒకచోట పండ్రెండు.

మరియొక సంగతియు మాకు ఆ రాత్రి జ్ఞప్తికి వచ్చెను. 1966 డిసెంబరు 15న తొలి సినిమా పాట పాడిన బాలసుబ్రహ్మణ్యముగారు ఏబదియేండ్లు నిండిన సందర్భమున దేశదేశములు తిరిగి కచేరులు చేసిరి. ఆ యాత్ర నడుమ 2017 మార్చిలో, తన పాటలను అనుమతి లేక వేదికలపై పాడరాదని ఇళయరాజాగారి పక్షమునుండి నోటీసు వచ్చెను. బాలుగారు ఆ పాటలు మాని ఇతరులు కూర్చినవి పాడెదనని ప్రకటించిరి. పాట కూర్చినవానిదా, పాడినవానిదా, సొమ్ము పెట్టినవానిదా యని మా విశ్రాంతిగదిలో నాడును పెద్ద వాదమే జరిగెను. స్నేహితులిరువురును 2019లో మరల ఒకే వేదిక యెక్కిరి; మా వాదము మాత్రము తెగలేదు. అందులోను, పాటను ముప్పదియేండ్లు వంటింటిలో మోసినదానికి భాగమేమైన గలదాయని అడిగినవాడు లేడు.

ఆ దినములలోనే బాలుగారు నగరమున పాడనున్నారని విని, పోవుదమాయని ఆమె యడిగినది. పరీక్షపత్రములు దిద్దవలసి యున్నదని, “వచ్చేసారి పోవుద”మని మేమంటిమి. 2020 సెప్టెంబరు 25న టీవీలో ఆ వార్త వచ్చినప్పుడు ఆమె దానిని కట్టివేసి పెరటిలోనికి పోయినది. వచ్చేసారి యన్న మాట నామె యెత్తలేదు. ఎత్తినచో మాకు కొంత తేలికగా నుండెడిది.

ప్రతి సంవత్సరము మార్చి 8వ తేదీని మేము పాఠశాల వేదికపై స్త్రీల స్వాతంత్ర్యమును గూర్చి ఉపన్యసింతుము. చప్పట్లును కొట్టింతురు. కాని యింటిలో, ఒక కోరికకు విలువ కట్టునప్పుడు, ఆ కోరిక గలవారిని విడిచి తక్కిన యైదుగురము కూడి విలువ కట్టితిమి. బతుకమ్మ పండుగలో తొమ్మిదినాళ్లు మా వీధి యాడువారందరు ఆమె గొంతు వెంట పాడుదురు. పాటను గూర్చి ఆ యింటిలో నడుగదగినవారున్నచో ఆమెయే. అడిగినది మమ్ము.

మరి మేమెవరము? ఉపాధ్యాయశిక్షణకై నగరమున నున్న నాళ్లలో రవీంద్రభారతికిని, త్యాగరాయ గానసభకును లెక్కలేనన్ని సాయంకాలములు పోయి, వెనుక వరుసలలో కూర్చుండి చెవులు నింపుకొన్నవారము. కడుపు నిండినవాడు వంట బాగుగా లేదనుట తేలిక. వృద్ధకళాకారుని సభను గూర్చి “పూర్వమువలె నుండదు” అనువారందరు ఆ పూర్వమును చూచినవారే. చూడనివారికి పూర్వమేది? మాకది కడపటి సభ, ఆమెకది మొదటి సభ. ఒకే టిక్కెట్టునకు రెండు వెలలున్నవని లెక్కల ఉపాధ్యాయునకు గాని, మాకు గాని తట్టలేదు.

జానకిగారి దృష్టాంతమును గూడ మేము తలక్రిందుగా పట్టుకొంటిమి. ఆమె సెలవు పుచ్చుకొనుట ఆమె నిర్ణయము. ఎవరును విశ్రాంతిగదిలో కూర్చుండి ఆమెకు సెలవీయలేదు. పాడువానికి నిలుపుటకెంత హక్కు గలదో, నిలుపకుండుటకు నంతయే గలదు. మా ఋతువుల సిద్ధాంతమునకు కాలమే జవాబు చెప్పినది. 2025 మార్చి 8న ఇళయరాజాగారు తమ 81 యేండ్ల వయస్సున లండనులో రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందముచేత తాము రచించిన సింఫనీని వాయింపజేసిరి. చెట్టు కాపు ముగిసినదని 2023లో మోత్కూరున తీర్పు చెప్పినవారము మేము.

టిక్కెట్లు కొంటిమి. భువనగిరి మీదుగా బస్సులో ఉప్పలు చేరి, అచ్చటినుండి రాయదుర్గము వరకు మెట్రోలో నగరము నీ కొననుండి ఆ కొనకు దాటి, ఆటోలో మైదానము చేరితిమి. పండుగనాటి చీర ధరించి, టిఫిను డబ్బా చేత బట్టుకొని ఆమె గుంపులో మాకంటె ముందు నడచినది. అట్టి వయస్సు స్త్రీలు అచ్చట తక్కువగా లేరు. కొందరు కూతుండ్ర చేయి పట్టుకొని వచ్చిరి.

సహోద్యోగులు చెప్పినవన్నియు నిజములే. ఆయన మాకొక తెల్లని చుక్కగానే కనబడెను. బాలుగారి పాటను వేరొకరు పాడిరి. ఖర్చు లెక్క కంటె మించినది. కాని ఆమె చుక్కనుగాని, తెరనుగాని చూచుట లేదు. ఆయన వెనుక వరుసలు వరుసలుగా కూర్చున్న వాద్యకారులను చూచుచున్నది. ఇళయరాజాగారు ప్రతి వాద్యమునకును వేర్వేరుగా స్వరములు వ్రాసి యిచ్చువారు. పూర్వము చెన్నపట్టణపు స్టూడియోలలో ఆ పాటలు పుట్టినప్పుడు గాయకులును, వాద్యకారులును ఒక్కసారిగా కూడి వాయించెడివారు. ఒక్కడు తప్పినచో అందరును మొదటికి రావలసినదే. నేడు ఒక్కొక్క వాద్యమును వేరువేరుగా పట్టి యంత్రమున కలుపుట వాడుకయైనది. పాట యెందరి చేతులమీదుగా నడచినదో కన్నులార చూడవలెనన్న నిట్టి సభలే గతి. ఫోనులో పాట యున్నదనుట నిజమే. ఆ చేతులు మాత్రము ఫోనులో లేవు.

ఆమె నోటుపుస్తకములోని యొక పాట యెత్తుకొనిరి. పల్లవి ముగిసినది. వయొలిను కమానులన్నియు ఒక్కసారి లేచి, ఒక్కసారి వాలినవి. వేణువొకటి వాటినుండి విడివడి పోయి, మరల వచ్చి కలిసినది. ఆమె మా చేతిని పట్టుకొని, మైదానమంతయు పాడుచున్నను వినబడునంత గట్టిగా ననెను:

“నేను చుక్కలు పెట్టుకున్న జాగల గింతమంది ఉన్నరా!”

సహృదయుడన నెవ్వడో చదివి పిల్లలకు బోధించిన మాకు, ఆ మాట విన్నప్పుడు చదివినది చాలలేదని తోచెను.

ఆ రాత్రి తిరుగు బస్సు లేదు. ఉప్పలులో చుట్టముల యింట తలదాచుకొని, తెల్లవారి మొదటి బస్సున వచ్చితిమి. దారి పొడుగున ఆమె కాళ్లు నొచ్చుచున్నవని చెప్పినదే కాని, కచేరిని గూర్చి యొక్క మాటయు చెప్పలేదు. ఇల్లు చేరినపిదప ఆ నోటుపుస్తకము తీసి, చుక్కలున్న పుట తెరచి, కొంతసేపు చూచి, మరల పెట్టెలో పెట్టినది.

పాఠశాలలో మిత్రులందరు చుట్టుముట్టిరి. “ఏమండీ, పెట్టిన సొమ్ము గిట్టుబాటైనదా?” యని లెక్కల ఉపాధ్యాయుడడిగెను. సమాధానము మా చేతిలో లేదని, వారివారి యిండ్లలో నడుగుడని చెప్పితిమి. ఆయన నవ్వి యూరకుండెను. నాలుగు దినములు గడచిన పిదప, విరామసమయమున మా చెంతకు వచ్చి, ఇట్టి సభ మరియొకటి యెప్పుడు జరుగునో తెలిసినచో తనకును చెప్పుమని మెల్లగా అడిగెను. టిక్కెట్లు మూడట. ఇంటిలో తల్లిగారును వత్తురట.