చెరకులో రెల్లు

సీఎస్ఈ వాళ్ళం కదా, గిట్ తెలుసు మనకి. ఏ లైను ఎవరు ఎప్పుడు కలిపారో వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు. చెరకుకీ అట్లాంటి చరిత్ర ఉందనీ, అందులో ఒక కొమ్మ రెల్లుగడ్డి దగ్గరికి పోతుందనీ నాకు ఈ మధ్యే తెలిసింది. మన స్వర్ణముఖి ఇసుకలో తెల్లగా పూసే రెల్లే!

కోయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థ 1912లో మొదలైంది. అక్కడ బార్బర్, వెంకట్రామన్ 'వెల్లై' అనే తియ్యటి చెరకుని రెల్లుతో కలిపారు. అలా వచ్చిన కో 205 రకం 1918లో పంజాబు పొలాలకు వెళ్ళింది. రెల్లులో తీపి దాదాపు ఉండదు. కానీ చలికీ నీటి ఎద్దడికీ తట్టుకుంటుంది, కోసేకొద్దీ పిలకలేస్తుంది. కావాల్సింది ఆ మొండితనం.

నాకు బాగా నచ్చింది లెక్క. మామూలుగా తల్లి సగం, తండ్రి సగం ఇవ్వాలి. ఇక్కడ తల్లి చెరకు తన 80 క్రోమోజోములూ ఇచ్చేసింది. రెల్లు మాత్రం 64లో సగం, అంటే 32. మొత్తం 112. ఈ పిల్లని మళ్ళీ తియ్య చెరకుతో కలిపితే తల్లి మళ్ళీ 80 ఇస్తుంది, పిల్ల 56 ఇస్తుంది. ఆ 56లో రెల్లువి సగటున 16. అంటే 136లో 16, నూటికి పన్నెండు కూడా లేదు. ఇది నా కాగితం లెక్కే అనుకోండి. కానీ 1996లో ఆర్ 570 అనే రీయూనియన్ దీవి రకం క్రోమోజోములకి రంగులేసి చూస్తే, రెల్లువి నూటికి పది దాకా కనిపించాయి. ఇంకో పది రెండిటి ముక్కలూ అతుక్కున్నవి.

మన పెరుమాళ్ళపల్లె పరిశోధన స్థానం ఇచ్చిన కో టి 8201 పేరులోనే వంశం ఉంది. 'కో' అంటే కోయంబత్తూరు, 'టి' అంటే తిరుపతి. తర్వాత అంతా ముచ్చెలు నాటడమే, అంటే కాపీ పేస్ట్.

పాకాల దగ్గర మా తాతకి ఎకరంన్నర చెరకుంది. ఇదంతా చెప్తే నవ్వాడు.

"రెల్లు చెరకుకి చుట్టమా? ఇంగ నయం! గెనాల మీద దాన్ని పీకలేక మేము చస్తా ఉంటే."

కాసేపాగి, "ఎర్రకుళ్ళు రాకుండా అదేమన్నా చేస్తాదా?" అన్నాడు.

కొంత చేస్తుంది. కానీ తెగులూ మారుతూ ఉంటుంది. పైగా ప్రపంచంలో సాగయ్యే రకాలన్నిట్లో తిరిగేది కొన్నే రెల్లు మొక్కల వారసత్వం. అందుకే కేరళలోని కన్నూరులో అడవి చెరకులు పెంచి దాస్తున్నారు. కొత్త మొండితనం కావాలంటే అలాంటి చోటికే పోవాలి.

తాత బాధ వేరే. బెల్లం వండే మనుషులు దొరకడం లేదు, చెరకు తీసేసి మామిడి పెడదామని రెండేళ్ళుగా అంటున్నాడు. ప్రస్తుతానికి ఇంకో కార్శి ఉంచుతానన్నాడు. గెనం మీది రెల్లుని మాత్రం మర్నాడే పీకించాడు.