పాత గదులు మోసుకెళ్లిన జీవి

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వైపు సాయంత్రం నడిస్తే కాళ్ల కింద అంతా ఎర్ర కంకర నేల. అందులో అమ్మోనైటు దొరకదు. కానీ రైల్వే పనికి వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగువాళ్ల పూజగదుల్లో వెతికితే దొరుకుతుంది, సాలగ్రామం రూపంలో. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్లు చాలావాటిలో చక్రంలా కనిపించేది ఈ సముద్రజీవి పెంకే.

అమ్మోనైటు ఆక్టోపస్‌కు దూరపు చుట్టం. పెరిగేకొద్దీ పెంకు అంచుకు కొత్త సున్నం చేర్చి ముందుకు జరిగేది, వెనక ఖాళీ అయిన చోటికి అడ్డుగోడ కట్టేది. ఏడు క్వార్టర్లు మారిన నాకు ఇక్కడే కాస్త అసూయ. మనం తాళాలు అప్పగించి వచ్చేస్తాం, అది పాత గదులన్నీ వెంటేసుకుని తిరిగింది. మొదటి గది దాకా ఒక సన్నని గొట్టం కూడా ఉండేది.

అందుకే దాని చిన్ననాటి జబ్బులు కూడా పెంకులో మిగిలాయి. పరాన్నజీవి ఒళ్లు మెత్తన, శిలాజంగా మిగలడం చాలా అరుదు. దానికి పెంకు ఇచ్చిన జవాబు మాత్రం కనిపిస్తుంది. మొరాకోలో దొరికిన, సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి అమ్మోనైటు బంధువుల రాతి అచ్చుల మీద చిన్న చిన్న గుంటలున్నాయి. లోపలికి చొరబడినదాని చుట్టూ ఆ జీవి సున్నం పూసి మూసేసింది, పెంకు లోపలి వైపు బొడిపె లేచింది. చచ్చాక పెంకులో నిండిన బురద రాయి అయింది, పెంకు కరిగిపోయింది, బొడిపె ఉన్నచోట గుంట మిగిలింది. ముత్యం తయారయ్యేదీ ఇలాగే. 2011లో దే బాట్స్, క్లూగ్, కోర్న్ అనే శాస్త్రవేత్తలు వీటిని డెవోనియన్ కాలపు ముత్యాలనే అన్నారు.

ఇంకో రకం వింత ఉంది. కొన్ని అమ్మోనైట్లకు వెలుపలి అంచు మధ్యలో సన్నని గట్టు ఉంటుంది. అది ఒక్కోసారి పక్కకు జరిగిపోయి కనిపిస్తుంది. పీత కొరికి ఉంటే పెంకు మీద మచ్చ ఉండాలి. మచ్చ లేదు, వంకర ఉంది. అంటే పెంకు కట్టే మెత్తటి పొరను లోపలినుంచి ఏదో పరాన్నజీవి ఇబ్బంది పెట్టిందేమో! ఇది అనుమానమే, రుజువు కాదు. పిల్లలూ, ఈ రెంటికీ తేడా చూసుకుంటూ చదవండి. ఏదైనా, వంకర గట్టుతోనే అది ఇంకొన్ని చుట్లు పెరిగింది.

సెలవులకు ఒంగోలు వైపు వెళ్లేవాళ్లకు ఒక మాట. అక్కడి బుడవాడ రాళ్లలోనూ అమ్మోనైట్లు దొరికాయి. ఒక జాతికి ఆ ఊరి పేరే పెట్టారు, పాస్కోయిటిస్ బుడవాడెన్సిస్ అని.