ఎంతమందికి వండాలి?

మా విచారణలో సభ ఉందని గుడిలో ప్రకటించగానే నా నోటికొచ్చే మొదటి మాట, "ఎంతమందికి వండాలి?" ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల మాత ఉత్సవాలకి మా గన్నవరం ఇంటికి చుట్టాలు దిగినా అదే ప్రశ్న. ఇరవై ఏళ్ళ అలవాటు మరి!

2022లో ఒక ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ గారు సభ అన్నారు. నేను పులిహోరకి బియ్యం లెక్కేస్తుంటే, "వంటకి కాదమ్మా, మాట్లాడటానికి రండి" అన్నారు.

అంతకుముందు అక్టోబరులో పోపు ఫ్రాన్సిస్ గారు సినడ్ ప్రారంభించారు కదా. ఊరూరా విశ్వాసుల మాట వినాలి, మేత్రాసనాల నుంచి వచ్చినవన్నీ కలిపి దేశం తరఫున రోముకు పంపాలి. 1969 మేలో బెంగళూరులో బిషప్పులు, గురువులు, కన్యస్త్రీలు, గృహస్థులు కలిసి కూర్చున్న అఖిల భారత సదస్సుకు ముందు కూడా ఇలాగే ప్రాంతాలవారీగా సమావేశాలు జరిగాయి. ఎంత పెద్ద సభయినా ముందు చిన్న గదిలోనే మొదలవుతుంది.

మా గదిలో మగవాళ్ళు కుర్చీల్లో, మేము వెనక చాపల మీద. గుడికి రంగులు, మైకు సెట్టు... గంట గడిచింది. "ఆడవాళ్ళు కూడా చెప్పండి" అన్నారు ఫాదర్ గారు. బీఏ తెలుగు చదివిన నాకు నోరు పెగల్లేదు. బడి మొహం చూడని మా అత్తయ్యగారు లేచారు.

"నాట్ల రోజుల్లో ఆడకూతుళ్ళు తెల్లారకముందే ఆటో ఎక్కి పొలాలకి పోతారండి. మీ పూజేమో ఏడింటికి. వాళ్ళు రావట్లేదనకండి, రాలేకపోతున్నారు. సాయంత్రం ఒక పూజ పెట్టండి."

అంతా నిశ్శబ్దం. ఫాదర్ గారు నన్ను రాయమన్నారు. "వ్యవసాయ శ్రామిక మహిళల ఆధ్యాత్మిక అవసరాలు..." అని మొదలుపెట్టి చదివి వినిపించాను.

"ఎవరే వాళ్ళు? నేనన్నట్టు రాయి అమ్మాయ్" అన్నారు అత్తయ్య. కొట్టేసి, ఆవిడ మాటే రాశాను.

ఆ కాగితం రోము దాకా వెళ్ళకపోయినా, ఆ ఏడు నాట్లకి మా గుడిలో ఆదివారం సాయంత్రం పూజ మొదలైంది. బోరింగు దగ్గర కాళ్ళ మట్టి కడుక్కుని లోపలికొచ్చే వాళ్ళని చూస్తే, ఇన్నేళ్ళూ ఇది నాకెందుకు తట్టలేదా అనిపించింది.

2023 అక్టోబరులో రోము సినడ్ సభలో మొదటిసారి స్త్రీలు, 50 మందికి పైగా, ఓటు వేశారు. పేపర్లో చదివి అత్తయ్యగారికి చెప్పాను.

ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ, "మంచిదే. మరి అక్కడ వంటెవరు చేశారే?" అన్నారు.