రాయనిది దానం, రాసింది అప్పు

మా ఖరగ్‌పూర్ పేరెత్తితే బయటివాళ్లు రెండు సంగతులే అడుగుతారు. ఒకటి ఐఐటీ, రెండోది పొడుగాటి ప్లాట్‌ఫారం. 1072 మీటర్ల ఆ ప్లాట్‌ఫారమే 2013లో గోరఖ్‌పూర్‌ది వచ్చేదాకా ప్రపంచంలోకెల్లా పెద్దది. ప్లాట్‌ఫారం ఎంత పొడుగైతేనేం, ఊరు కదిలింది సైకిళ్ల మీద. పొద్దున వర్క్‌షాపు సైరన్ వేళకి నిమ్‌పురా, మథురాకాటి, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్ల నుంచి సైకిళ్లు గుంపులుగా రోడ్డెక్కేవి. వాటిలో సగం మా బాబాయి చేతిలో పడ్డవే అంటే కొంచెం ఎక్కువ చెప్పినట్టు. మరీ ఎక్కువ కాదు.

బాబాయి నాకు చుట్టం కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే (బీఎన్‌ఆర్) రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ల రెండో తరం. తండ్రి వర్క్‌షాపులో ఖలాసీ. ఊళ్లో ప్రతివాడూ కొడుకుని రైల్వేలో ఎక్కించాలని తిరుగుతుంటే, ఈయన పంపు, పానాలు, నీళ్ల తొట్టి పెట్టుకుని చెట్టు కింద సైకిల్ షాపు మొదలెట్టాడు. తెలుగువాళ్లకి బాబాయి, బెంగాలీలకి మిస్త్రీదా. పోయినప్పుడు సంతాపసభలో మాట్లాడిన ప్రతివాళ్లూ జాలిగుండె అన్నారు. ఏళ్ల తరబడి ఆయన ఖాతా పుస్తకం రాసినవాణ్ణి నేను. ఆ మనిషికి జాలి తక్కువ, లెక్క ఎక్కువ.

పనిలోనూ అంతే. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. రిమ్ము బెండు తియ్యాలంటే వంకర ఉన్నచోట పుల్ల బిగించేస్తే సరిపోతుందనుకుంటారు కొత్తవాళ్లు. ఒకటి బిగిస్తే దాని ఎదుటి వైపుది వదలాలి, లేకపోతే వంకర పోయి కోడిగుడ్డు ఆకారం వస్తుంది. బాబాయి ఫోర్కుకి బొటనవేలు ఆనించి చక్రం తిప్పి, రిమ్ము గోటికి ఎక్కడ తగిలిందో చూసి, సగం చుట్టు కంటే ఎక్కువ తిప్పనిచ్చేవాడు కాదు. ‘ఆత్రం అక్కర్లేదురా గుంటడా, చక్రం ఎక్కడికీ పారిపోదు’ అనేవాడు.

ఈ నేల ఎర్ర మొరం నేల. ఎండాకాలం దాని దుమ్ము హబ్బులోకి, సెంటర్‌లోకి దూరి గోళీల్ని అరగదీస్తుంది. వానాకాలం అదే దుమ్ము బురదై చైన్‌కి పట్టేస్తుంది. ఈ సంగతి షాపులో కూర్చుని తెలుసుకున్నది కాదు. ఆదివారం మధ్యాహ్నం షాపు మూసి, అద్దె సైకిళ్ల మీద క్వార్టర్ల పిల్లల్ని వెంటేసుకుని బయల్దేరేవాడు. మోహన్‌పూర్ వంతెన దగ్గర కాసాయి నది ఇసుకలో స్నానాలు, లేదంటే మేదినీపూర్ అవతల శాల్ అడవి. ప్రతి పిల్లవాడూ దారిలో ఒక పంక్చరైనా సొంతంగా వేయాలి. పంక్చర్ పడకపోతే ఆయనే ఎవరిదో ఒకరిది గాలి తీసేవాడు! ఫాల్గుణంలో శాల్ ఆకు రాలి కొత్త ఆకు, పూత కలిసి వస్తాయి. ఇప్పపువ్వు తెల్లారేలోపు రాలుతుంది కాబట్టి చీకట్లోనే చెట్టు దగ్గరుండాలి. మొదటి వానలకి మట్టిలోంచి ఏ ఛాతు (పుట్టగొడుగు) పైకొస్తుందో, ఏది తినాలో ఊళ్లవాళ్లని అడిగి నేర్చుకున్నాడు. ఎనభైల చివర్లో దల్మా కొండల ఏనుగుల మందలు ఇటు రావడం మొదలయ్యాక చీకటి ప్రయాణాలు మానేశాడు. అప్పటికి నాకూ పెళ్లయింది, పోరు తప్పింది అనుకున్నాను.

అడవిలో ఆయన చెట్ల కంటే సైకిళ్లనే ఎక్కువ చూసేవాడు. శాల్ ఆకుల కట్టలు, కట్టెలు మోసే సైకిళ్లకు వెనక ఇరుసు దగ్గరే పుల్లలు తెగుతున్నాయి. కారియర్ బరువు పక్కకి ఊగడం వల్ల అని పట్టుకున్నాడు. కారియర్ నుంచి ఇరుసుకి అటూ ఇటూ ఇంకో రెండు ఇనప కడ్డీలు వేయించాడు. ఆ మార్పుకి అడవి పల్లెల నుంచి మనుషులు వెతుక్కుంటూ వచ్చారు. షికారు అనుకున్నది అలా గిరాకీ అయింది.

1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది, 27 దాకా సాగింది. నేను అప్పటికి ట్యూబులు తొట్టిలో ముంచి బుడగలు వెతికే కుర్రాణ్ణి. జీతాల్లేవు. అరెస్టులకి భయపడి మగవాళ్లు రాత్రిళ్లు ఇళ్లలో పడుకునేవారు కాదు. బాబాయి రిపేరు ఆపలేదు, ఒక్కటీ ఊరికే చెయ్యనూలేదు. వాల్ ట్యూబు అయినా సరే పుస్తకంలో ఎక్కాల్సిందే. నాకు చిరాకేసి, పాపం వదిలెయ్యొచ్చు కదా అన్నాను. ‘రాయనిది దానంరా. దానం పుచ్చుకున్నోడు రేపు ఈ వీధి తప్పించుకు తిరుగుతాడు. అప్పున్నోడు తలెత్తుకుని వచ్చి కూర్చుంటాడు’ అన్నాడు. తర్వాత ఉద్యోగాలు పోయినవాళ్లకి పాత సైకిళ్లు గట్టి చేసి వాయిదాల మీద ఇచ్చాడు. గోల్‌బజార్‌లో కూరలు ఎత్తుకుని క్వార్టర్లలో అమ్ముకున్నారు వాళ్లు. వాయిదా మూడు నెలల తర్వాత మొదలు. గడువు జరిపేవాడే గాని పద్దు కొట్టేసేవాడు కాదు. ఇది పిసినారితనం అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఇళ్ల పిల్లలు ఇవాళ్టికీ నా దగ్గరికే వస్తారు, నాకది చాలు.

మేదినీపూర్ నుంచి చంద్రకోణ రోడ్డు వైపు వెళ్తే ఆరాబారి అడవి తగులుతుంది. డెబ్బైల మొదట్లో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ అక్కడి ఊళ్లవాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు: అడవిని మీరు కాయండి, కలప అమ్మిన డబ్బులో 25 శాతం మీది. నరికేసిన మొదళ్ల నుంచి శాల్ మళ్లీ లేచింది. దేశమంతా ఉమ్మడి అటవీ యాజమాన్యం అని చెప్పుకునేది అక్కడ మొదలైందే. బాబాయికి ఆ అడవి చూపించడం మహా ఇష్టం. కాపలావాళ్లతో కూర్చుని వాటా ఎప్పుడొస్తుంది, ఎవరు పంచుతారు, కాగితం ఎవరి దగ్గరుంటుంది అని అడిగేవాడు. మన తెలుగువాళ్ల మాత పూజకి చందాలు ఎత్తినా అదే గొడవ. వచ్చింది, పోయింది పైసలతో సహా కాగితం మీద రాసి షాపు తలుపుకి అంటించేవాడు. కమిటీలో కొందరికి అది నచ్చేది కాదు.

2015 నుంచి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం సబుజ్ సాథీ పథకం కింద తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకి సైకిళ్లిస్తోంది. కొత్త సైకిళ్ల అమ్మకం తగ్గింది, రిపేరు పెరిగింది. స్కూలు వదిలాక ఆడపిల్లలు వరసగా నిలబడతారు. బాబాయి ఉంటే వీళ్లందరికీ పంక్చర్ వేయడం నేర్పి మన పొట్ట కొట్టేవాడు అంటుంది మా ఆవిడ. నేర్పేవాడే, అనుమానం లేదు. ప్యాచీలు, సొల్యూషన్ మాత్రం మన దగ్గరే కొనాలని ముందే ఒప్పించేవాడు.