సముద్రము లేని చోట నౌకాశాస్త్రము

సముద్రతీరమునకు వందల కిలోమీటర్ల దూరమున, దక్కను రాతిగుట్టల నడుమ నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున నౌకానిర్మాణశాస్త్రమును వెదకబోవుట వింతగా తోచవచ్చును గాని, ఓడకు వలసిన విద్యయెల్ల ఒడ్డుననే పుట్టవలెనను నియమ మేమియు లేదని ఇంజనీరింగు కళాశాల జలశాస్త్ర ప్రయోగశాలలో నాకు బోధపడినది.

అద్దపు గోడల కాలువలో పారుచున్న నీటికి ఆచార్యులొకరు చిన్న కొయ్యదిమ్మ నడ్డముపెట్టి, దాని ముందు నీరుబ్బుటయు, వెనుక సుడులు తిరుగుటయు చూపుచు, "ఓడ ఇంజను బలమంతా ఈ అలలకీ, నీటి రాపిడికీ పోతుందండీ" అనిరి. ఈ రెంటిని వేరుచేసి లెక్కగట్టు ఉపాయమును 1872లో ఇంగ్లండునందలి టార్కీ కొలనులో నమూనాలను లాగించి నిరూపించినవాడు విలియం ఫ్రూడ్. ఓడ పొడవులో ఇరువదియైదవ వంతు నమూనాను అయిదవ వంతు వేగముతో, అనగా గంటకు 20 నాటికల్ మైళ్ళు పోవు నౌకకు 4 మైళ్ళ చొప్పున, లాగినచో రెంటి అలలును ఒకే రూపమున లేచును. రాపిడి మాత్రము ఈ నియమమునకు లొంగదు గనుక, దానిని విడిగా గణించి, నమూనా లెక్కలో తీసివేసి, ఓడ లెక్కలో మరల కలుపవలెను. ఆ శాస్త్రపు నేర్పంతయు ఈ తీసివేతలోనే యున్నదని నా యభిప్రాయము.

1969లో విశాఖపట్టణమున స్థాపితమైన నౌకాదళ శాస్త్ర సాంకేతిక ప్రయోగశాలలో ఇట్టి పరీక్షలకై 500 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల లోతుగల కొలను కలదు. ఉస్మానియాలోనిది దాని ముందు పిల్లకాలువ. అయినను సూత్రము రెండుచోట్లను ఒక్కటే. దారి తెలుపు విద్యకును ఉస్మానియా ప్రాంగణమున నావిగేషనల్ ఎలక్ట్రానిక్సు విభాగ మొకటి వేరుగా నున్నది.

అచ్చటినుండి, ఉప్పునీటి తుప్పును ఆపు పూతలను చూడ, తార్నాకకు పోతిని. 1944లో నిజాము ప్రభుత్వపు ప్రయోగశాలగా మొదలై, 1956లో రీజనల్ రీసెర్చి లేబొరేటరీయై, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా పేరు మార్చుకొన్న అచ్చటి సంస్థను పాతవారు నేటికిని ఆర్.ఆర్.ఎల్. అనియే పిలుతురు. పూతల విభాగమున, రంగు పూసి, కత్తిమొనతో అడ్డగీతలు గీసిన ఉక్కు పలకలను ఒక పెట్టెలో నిలిపి, 35 డిగ్రీల వేడిలో నూటికి అయిదు పాళ్ళ ఉప్పునీటిని మంచువలె నెడతెగక చిమ్ముచుందురు. ఒక పలకను బయటికి తీసి, స్కేలు ఆనించుచు, "గీత దగ్గర తుప్పు ఎలాగూ వస్తుందండీ, పూత కిందికి ఎంత పాకిందన్నదే మాకు లెక్క" అని పరిశోధకురా లొకతె చెప్పెను.

తుప్పుతో తీరినదా? ఓడ అడుగున పెంకుజీవులు పట్టినచో రాపిడి పెరిగి, ఇంధనవ్యయ మధికమగును. వానిని చంపుటకు వాడిన తగరపు సమ్మేళనముల పూతలు నత్తలను, ఆల్చిప్పలను గూడ పాడుచేయుటచే, 2001నాటి అంతర్జాతీయ ఒప్పందము 2008లో అమలులోనికి వచ్చి ఆ పూతలను నిషేధించినది. పెట్టెలో నెగ్గిన పూత కడలిలో నెగ్గునను భరోసా లేదు. పలకలను రేవునీట వ్రేలాడగట్టి నెలలతరబడి కనిపెట్టవలసినదే.

కావున ఇంజనీరింగు విద్యార్థులను విహారయాత్రలకు గొనిపోవు కళాశాలలవారు, తగిన అనుమతి సంపాదించి, ఒక్క పర్యాయమైనను విశాఖ కొలను చూపింప ప్రార్థించుచున్నాను.