కొండనాలుక్కి కత్తెరా? ముక్కుకి గొట్టమా?

గురక పెట్టే మగవాళ్ళ మీద జోకులు మన ఇళ్ళల్లో కొత్తేమీ కాదు. కుంభకర్ణుడితో పోల్చి నవ్వుకుంటాం. పెళ్ళివారి విడిదింట్లో వాళ్ళ పక్క కాకుండా దూరంగా చాప వెతుక్కుంటాం. ఐతే ఆ గురక ఉన్నట్టుండి ఆగిపోయి, మనం పది లెక్కపెట్టినా మళ్ళీ ఊపిరి వినబడకపోతే మాత్రం అది నవ్వుకునే విషయం కాదండీ! దానిపేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి వెళ్ళే దారి మూసుకుపోతుంది. మనిషి ఉక్కిరిబిక్కిరై క్షణకాలం మేలుకుంటాడు, మళ్ళీ నిద్రలోకి జారుకుంటాడు. తెల్లారేసరికి అతనికేమీ గుర్తుండదు.

'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మనల్ని ఉర్రూతలూగించిన బప్పీలహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో కన్నుమూసినప్పుడు, అందుకు ఈ జబ్బే కారణమని ఆస్పత్రివారు చెప్పారు. దీన్ని పట్టించుకోకుండా వదిలేస్తే బీపీ పెరుగుతుంది, గుండెకీ చేటే.

మాది మండపేట. మావారికి 52 ఏళ్ళు, రైసుమిల్లులో గుమాస్తా. రోజూ కాలవగట్టు మీద మోటారుసైకిలు నడుపుకుంటూ వెళ్ళి రావాలి. ఒకపక్క నిండుగా కాలవ, ఇంకోపక్క పల్లంలో వరిచేలు. "ఇవాళ గట్టు మీద రెప్ప వాలిపోయిందే! వెనకనించి లారీవాడు హారను కొట్టబట్టి సరిపోయింది" అని ఓరోజు నవ్వుతూ చెప్పారు. నాకు మాత్రం గుండె జారిపోయింది.

రాజమండ్రిలో చెవి ముక్కు గొంతు డాక్టరుగారికి చూపించాం. రాత్రంతా ఒంటికి తీగలు అంటించి నిద్ర పరీక్ష చేశారు. పెద్దవాళ్ళలో ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో గంటకి 5 సార్లలోపైతే ఫరవాలేదట. 30 దాటితే తీవ్రమట. మావారికి 38!

ఇక ఇంట్లో చర్చ మొదలైంది. మావారు ఆపరేషనుకే మొగ్గారు. "ఒక్కసారి కోయించుకుంటే పీడా విరగడౌతుంది. రోజూ రాత్రి ముక్కుకి తొండం తగిలించుకుని వినాయకుడిలా పడుకోమంటావా?" అని ఆయన వాదన. అత్తయ్యగారు ససేమిరా అన్నారు. "కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారుటే అమ్మాయ్?" అని నామీదకే వచ్చారు. మధ్యలో నేను! ఆవిడ సామెత చెప్పినా, ఇక్కడ నిజంగా కొండనాలుక సంగతే మరి.

అందుకే అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకుని మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఈ రెండు దారులూ 1981లోనే వెలుగులోకి వచ్చాయట. అమెరికాలో ఫుజిటా అనే డాక్టరు కొండనాలుకనీ, అంగిట్లో వెనక వేలాడే మెత్తటి భాగాన్నీ కత్తిరించి దారి వెడల్పు చేసే ఆపరేషను గురించి రాశారు. ఆస్ట్రేలియాలో సలివన్ అనే డాక్టరు గాలిని ముక్కుద్వారా మెల్లగా ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూశారు. అదే ఇవాళ్టి సీప్యాప్ మిషను. తొలిరోజుల్లో దానికి వాక్యూమ్ క్లీనరు మోటారు వాడారట!

"ఆపరేషను చేయించుకుంటే పూర్తిగా నయమౌతుందాండీ?" అని అడిగాను. "అందరికీ కాదమ్మా. దారి ఎక్కడ మూసుకుంటోందన్నదే ముఖ్యం" అన్నారు. టాన్సిల్స్ బాగా పెద్దవై అడ్డం పడుతుంటే తీయించినందువల్ల మంచి గుణం కనిపిస్తుంది. పిల్లల్లోనైతే చాలాసార్లు మొదటి వైద్యం అదే. మావారి టాన్సిల్స్ చిన్నవి. సన్నటి గొట్టంలాంటి కెమెరా పెట్టి చూస్తే నాలుక మొదలు కూడా వెనక్కి పడి దారి మూస్తోందని తేలింది. అలాంటప్పుడు ఒక్క కొండనాలుక కత్తిరిస్తే సగం పనే అవుతుంది.

ఇంకో సంగతి. ఆపరేషను తర్వాత రెండు వారాలదాకా మింగుడు పడనంత నొప్పి ఉంటుందిట. కొందరికి తాగిన నీళ్ళు ముక్కులోకి వస్తాయి, గొంతు మారుతుంది. మావారు తీర్థాల్లో కృష్ణుడి వేషం కట్టి పద్యాలు పాడతారు. ఆ మాట వినగానే ఆయన ముఖం చిన్నబోయింది.

అలాగని ఆపరేషనంటేనే చెడ్డదనకండి. భీమవరంలో మా పెదనాన్నగారబ్బాయికి టాన్సిల్సే అడ్డం. తీయించాక పరీక్షలో అంకె బాగా తగ్గింది. మిషనుతో ఎంత ప్రయత్నించినా పడనివారికీ ఆపరేషను ఒక దారే.

మేం మాత్రం ముందు మూడు నెలలు మిషను వాడి చూద్దామనుకున్నాం. తొలి వారం మాస్కు బిగుతుకి మావారు చిరాకుపడ్డారు. సైజు మార్పించాక కుదురుకున్నారు. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టరుకి కలిపించాం. మాస్కు రోజూ సబ్బునీళ్ళతో కడిగి నీడలో ఆరబెడతాను. రాత్రి అన్నం తగ్గించి, పెందలాడే పెట్టేస్తున్నాను. ఒంటి బరువులో పదోవంతు తగ్గినా మెరుగు కనిపిస్తుందన్నారు. వెల్లకిలా పడుకోకుండా బనీను వెనక చిన్న జేబు కుట్టి అందులో బంతి పెట్టాను. అత్తయ్యగారు చూసి ఒకటే నవ్వు! రెండో నెలకల్లా మధ్యాహ్నం కునికిపాట్లు పోయాయి. ఆపరేషను మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాం. బరువు తగ్గాక మళ్ళీ పరీక్ష చేయించి, అప్పుడు ఆలోచిస్తాం.

నిద్రపోయేవారికి తమ జబ్బు తెలియదు, మెలకువగా ఉన్న మనమే సాక్షులం. అనుమానముంటే గురకని ఫోనులో రికార్డు చేసి డాక్టరుకి వినిపించండి. కోయించుకోమంటే ముందు ఈ మూడూ అడగండి: అడ్డం ఎక్కడుంది? తీసేస్తే ఎంతవరకు గుణం? తర్వాత మళ్ళీ పరీక్ష ఎప్పుడు?

అన్నట్టు, ఈ జబ్బు మగవాళ్ళదే అనుకునేరు! ముట్లుడిగిన వయసులో మనకీ ఎక్కువే. పొద్దున్నే తలనొప్పి, పగలంతా నీరసం ఉంటే ఇంటిచాకిరీ వల్లేనని సరిపెట్టుకోకండి. రాత్రి మీ ఊపిరి ఎలా ఉందో మీవారిని ఓసారి మేలుకుని వినమనండి.