వంగిన వెన్ను

తెలుగు నుడికారమున వెన్నునకు పెద్దపీట కలదు. ఆదుకొనువాడు వెన్నుదన్ను, పారిపోవువాడు వెన్ను చూపినవాడు, రైతు దేశమునకు వెన్నెముక. ఇన్ని మాటలు నేర్చిన మనము మన యింటి బిడ్డ వీపును పరికించి చూచుట మాత్రము అరుదు. నొప్పి పెట్టక, చొక్కా చాటున, మెల్లమెల్లగా వంగు వెన్ను ఎవరి కంట బడును? దానిని సరిచేయు శస్త్రచికిత్సలో వచ్చు చిక్కులలో పెక్కింటికి ముందు జరిగిన ఆలస్యమును, తరువాతి దూరమును కారణములని మా కుటుంబానుభవము నాకు నేర్పినది. ఆ సంగతినే విన్నవింపదలచితిని.

మాది చాకవేలు, చిక్కబళ్లాపురము జిల్లాలో బాగేపల్లి ప్రాంతమున నున్న పల్లె. 2007లో జిల్లా విడివడువరకు మేము కోలారు జిల్లావారము. ఇంట తెలుగు, బడిలో కన్నడము. రాగి, వేరుశనగ పండు మెట్టనేల; జీవనది లేదు; బోరుబావుల నీరే ఆధారము. ఈ సీమ లోతునీటిలో పలుచోట్ల ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మించియున్నది. అట్టి నీరు ఏండ్ల తరబడి త్రాగినవారికి ఎముకలు, కీళ్లబంధములు గట్టిపడి నడుము వంగిపోవును. 1937లోనే షార్టు, పండిట్, రాఘవాచారి గార్లు నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి ప్రకటించిరి. కనుక మా వైపున వంగిన నడుము వింత కాదు. ఆ అలవాటే ఒక పసిదానికి చేటు తెచ్చినది.

మా పెద్దనాయన మనుమరాలికి ఎనిమిదవ యేట ఒక భుజము ఎత్తుగా కనబడెను. “మన నీళ్లే అంత” అని పెద్దలు సరిపెట్టుకొనిరి. నీటివలన పెద్దల నడుము వంగుట వేరు, పెరుగుచున్న పిల్ల వెన్ను పక్కకు మెలిదిరుగుట వేరు. పదుమూడవ యేట బడిమెట్లు ఎక్కునప్పుడు ఆయాసము రాగా బెంగళూరునకు తీసికొనిపోయిరి. ఎక్సురేలో వంపు తొంబది డిగ్రీలు దాటియుండెను. శస్త్రచికిత్స తప్పదని వైద్యులు చెప్పిరి. అప్పుడు మా పెద్దమ్మ నన్నడిగిన మాట నేటికిని నా చెవిలో నున్నది: “నాయనా, నడిచే బిడ్డను తీసకపొయ్యి మంచాన పండబెట్టుకుంటే, రేపు దాన్ని ఎవురు చూసేది?”

శస్త్రవైద్యులు తమ్ము తాము వేసికొను ప్రశ్నయు అదియే. 1962లో హ్యూస్టను నగరమున పాల్ హారింగ్టను తన ఉక్కుకడ్డీల పద్ధతిని ప్రకటించినది మొదలు వంగిన వెన్నును లోహముతో నిలబెట్టు విద్య వ్యాపించినది. కాని వెన్నెముక లోపల వెన్నుపాము కలదు. వంపును సరిచేయునప్పుడు అది మితిమీరి సాగినను, దానికి నెత్తురు తగ్గినను కాళ్లు పడిపోవచ్చును. సంపన్నమైన ఆసుపత్రులలో దాని సంకేతములను క్షణక్షణము కనిపెట్టు యంత్రములుండును. అవి లేనిచోట ఫ్రెంచి వైద్యుడు స్టన్యారా బృందము 1973లో ప్రకటించిన ఉపాయమే శరణ్యము: చికిత్స నడుమ మత్తును తేలికపరచి, రోగిని పిలిచి, పాదములు కదుపుమని చెప్పుదురు. దానికి ఖర్చు లేదు; కాని అది ఆ క్షణపు స్థితినే తెలుపును, రోగికి ఆ మాట అర్థము కావలెను.

మా పిల్లకు మత్తు ఇచ్చు వైద్యునికి తెలుగు రాదు. మత్తులో బిడ్డ కన్నడము మరచునేమోయని తల్లికి దిగులు. ముందునాడు ఆమె ఆయనకు “పాదాలు ఆడించమ్మా” అను మాట నేర్పెను. ఆయన దానిని కన్నడలిపిలో వ్రాసికొనెను. మరునాడు ఆ పిలుపునకే రెండు పాదములును కదలినవట. మాతృభాషను గూర్చి నేను విన్న ఉపన్యాసములన్నిటికంటె ఆ ఒక్క మాట మిన్న.

ఐదేండ్ల ఆలస్యమునకు మాత్రము మూల్యము చెల్లింపవలసి వచ్చెను. ముదిరిన వంపు బిగిసిపోవును. ఛాతీ ఇరుకై ఊపిరితిత్తులు క్రుంగును. చికిత్స దీర్ఘమై నెత్తురు ఎక్కువగా పోవును. తిండి చాలని పిల్లకు గాయము మానుట కష్టమగును. ఘనాదేశపు అక్రా నగరము చెంత డాక్టరు బోవాచీ-అజేయ్ స్థాపించిన ఫోకస్ సంస్థ 2012లో ఆసుపత్రి తెరచినది. అచ్చటికి మిక్కిలి ముదిరిన వంపులతో పిల్లలు వత్తురు. తలకు లోహవలయము బిగించి, బరువులతో వారముల తరబడి మెల్లగా పైకి లాగి, ఆ వ్యవధిలో తిండిపెట్టి బలపరచి, పిమ్మట శస్త్రచికిత్స చేయుదురు. సాధనము చౌకయే, కాని అన్ని వారములు తోడుండువారి కూలి ఎవరిచ్చును?

ఇక దూరము సంగతి. ఇంటికి వచ్చిన మూడవ వారమున మా పిల్ల గాయమునుండి రసి కారసాగెను. వానలు పడి విత్తనపు అదను వచ్చినది; “నాలుగు దినాలు చూస్తాము” అనిరి. ఆ నాలుగు దినములు పదియైనవి. మరల మత్తిచ్చి గాయము కడిగి, వారముల కొలది మందులు వాడిన పిమ్మట కడ్డీలు దక్కినవి. మొదటి ఖర్చునకు దాతలు దొరకిరి. రెండవదానికి అప్పే దిక్కైనది. కడ్డీ ఎముకలు ఏకమై అతుకుకొనువరకే కావలి. అవి అతుకుకొననిచో ఏండ్ల తరువాతనైనను కడ్డీ విరుగవచ్చును. కావున వైద్యుడు రమ్మన్న ప్రతి తేదీయు చికిత్సలో భాగమే. నేడు ఆ పిల్ల చింతామణిలో కళాశాలకు పోవుచున్నది. వెన్ను పూర్తిగా నిటారు కాలేదు, ఆయాసము లేదు.

అసలు కత్తి అక్కరలేకుండ చేయగల సందర్భములును కలవు. వెన్నెముక క్షయకు 1956లో హాడ్జ్‌సన్, స్టాక్ గార్లు హాంకాంగు నగరమున గొప్ప శస్త్రచికిత్సను ప్రకటించిరి. మద్రాసు పరిశోధనలో మాత్రము ఇంటి పట్టున మందులు వాడినవారిలోను అత్యధికులు కోలుకొనిరని 1999లో వెలువడిన పదేండ్ల ఫలితములు తెలిపినవి. అయినను కొందరు పిల్లలకు వ్యాధి మానిన పిదపగూడ గూని పెరుగునని, దానిని ముందే పట్టి యిచ్చు గుర్తులు ఎక్సురేలో కలవని కోయంబత్తూరు డాక్టరు రాజశేఖరన్ 2001లో నిరూపించిరి. క్షయమందులు ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది. వానిని తుదివరకు వాడించుటయు, పిల్ల పెరుగుదల ముగియువరకు చూపించుటయు మన పని.

మా పెద్దమ్మ ప్రశ్నకు వేలూరులో ఒక సమాధానము కలదు. 1954లో ప్రమాదమున కాళ్లు పడిపోయిన డాక్టరు మేరీ వర్గీసు చక్రముల కుర్చీలో కూర్చుండియే శస్త్రచికిత్సలు చేసి, అట్టివారి పునరావాసమునకు అచ్చట పునాది వేసెను. కీడు జరిగినను బ్రదుకు ముగియదని చూపిన మహనీయురాలామె.

నగరములలో స్థిరపడిన తెలుగు కుటుంబములు ఇందు చేయదగినది చాల గలదు. ఏటికొకమారు పిల్లను ముందుకు వంగుమని వీపు వెనుక నిలిచి చూడుడు; ఒక ప్రక్క ఎత్తుగా నున్నచో నీటిపై నెపము వేయక వైద్యునికి చూపుడు. ఊరినుండి వచ్చినవారికి ఆసుపత్రిలో మాటసాయము, ఇంట నాలుగునాళ్ల బస ఇండు. సంఘములు విరాళము కూర్చునప్పుడు శస్త్రచికిత్సకు కొంత, పిమ్మటి రెండేండ్ల రాకపోకలకు కొంత వేరుచేసి యుంచవలెను. చాకవేలునకు బస్సుచార్జీ స్వల్పము. అదును దినములలో అది లేకపోవుటవలననే గాయములు ముదురుచున్నవి.